కథ లేని గొంతు

జూన్ 10, 2012, ఆదివారం

"పాటకు పట్టం" మూడో వారం. పాటల కంటే ఏడుపులే ఎక్కువ. వయొలిన్ మొదలైందంటే ఎవరింట్లోనో ఎవరికో బాగాలేదని అర్థం. పిల్ల నోరు తెరవకముందే మనం కొంగు వెతుక్కోవాలి. జడ్జిగారికి ఇవాళ కూడా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ప్రతి వారం, ప్రతి పాటకూ నిక్కబొడుచుకుంటే ఇక అవి ఎప్పుడు పడుకుంటాయో. పక్కనున్న పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటే అటు నుంచీ ఇటు నుంచీ చూపించారు. యాంకర్‌కు "ళ" పలకదు. అరవడం మాత్రం వచ్చు.

ఇదంతా ఉత్తరంగా రాసి వారపత్రికకు పంపాలి. వాళ్ల టీవీ పేజీలో "ప్రేక్షకురాలు, శంషాబాద్" పేరుతో నాలుగేళ్లుగా రాస్తున్నాను. ఆ ప్రేక్షకురాలు ఈ షెకీనాయేనని విమానాలకు భోజనాలు పంపే మా కిచెన్‌లో ఎవరికీ తెలియదు. తెలిస్తే విమానాల ట్రేలు సర్దుతున్నంతసేపూ అదే గోల.

ఈసారి చిక్కేమిటంటే, పాడేవాళ్లలో నా తమ్ముడున్నాడు.

"నీ తమ్ముడున్న ప్రోగ్రాం మీద నువ్వే రాస్తె, గది న్యాయమైతదా బిడ్డా?" అన్నాడు బాపు.

"మంచిగ పాడితె మంచిగని రాస్త. లేకుంటె లేదు."

ప్రేమ్ రాజ్ బాగానే పాడాడు. బాపు ఏమీ అనలేదు. ఎన్నో ఏళ్లు చర్చిలో హార్మోనియం వాయించి పాట నడిపించిన మనిషి ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టే. సగం అన్నం వదిలేసి లేచాడు. కడుపులో పుండు.

జూన్ 12

పుండు అని ఈ పుస్తకంలో కూడా ఎందుకు రాస్తున్నాను? ఇది చదివేది నేనొక్కదాన్నే కదా.

జూన్ 13

పోయిన నెల దవాఖాన మెట్ల మీద నిలబడి ముగ్గురం అనుకున్నాం, బాపుకు చెప్పొద్దని. అమ్మ, నేను, ప్రేమ్ రాజ్. కోసినా లాభం లేదన్నాడు డాక్టర్. క్రిస్మస్ దాకా కష్టమన్నాడు. బాపు కింద ఆటోలో కూర్చుని డ్రైవర్‌తో మాట్లాడుతున్నాడు. అమ్మ మెట్లు దిగి, "పుండంట. కారం తినొద్దంట" అంది. ఎంత మామూలుగా అందో! మా అమ్మ ఎస్తేరమ్మ అబద్ధమాడగా నేను చూడటం అదే మొదటిసారి.

రాశాను. రాస్తే తేలికవుతుందంటారు. అవలేదు.

జూన్ 15, శుక్రవారం

ఉత్తరం వేశారు. అక్కడక్కడా కోశారు గాని అసలు వాక్యం ఉంచారు. "ఈ పోటీల్లో గొంతుతోపాటు ఒక కష్టం కూడా తెచ్చుకోవాలి. కథ లేని గొంతు ఏడో వారం దాటదు." అచ్చులో చూసుకుంటే ఇంకా బాగుంది. డ్యూటీకి పోతూ మళ్లీ చదువుకున్నాను.

సాయంత్రం ప్రేమ్ రాజ్ ఫోన్ చేశాడు. పోటీలో ఉన్న పిల్లలందరినీ స్టూడియో దగ్గర ఒక హాస్టల్లో పెట్టారు. "మస్తు రాసినవక్కా. ఈడ అందరికి సదివి వినిపించిన" అన్నాడు. పెట్టేసేముందు, "నిజంగ దాటదా?" అని అడిగాడు.

"దాటదు. నాలుగేండ్ల సంది జూస్తలేనా?"

జూన్ 17, ఆదివారం

ఈ వారం నాకు నచ్చింది కాటేదాన్ పిల్ల. పేరు తారాబాయి. టీవీ వాళ్లు కత్తిరించి "తార" చేశారు. తల్లీతండ్రీ ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేస్తారట. యాంకర్ వెంటనే గొంతు తగ్గించి, "చాలా కష్టాలు పడి ఉంటారు కదా తారా?" అంది. వయొలిన్ కూడా వచ్చేసింది. ఆ పిల్ల నిజంగానే ఆలోచించి, "లేదు మేడమ్. మా ఇంట్ల అందరం మంచిగనే ఉన్నం" అంది.

జనం నవ్వారు. పెద్ద జడ్జి, "ఆ యాస ఎంత ముద్దుగా ఉందో!" అన్నాడు. పాట గురించి ఒక్క ముక్క లేదు. మనం మాట్లాడితే వాళ్లకు హాస్యం. మా వాడు మాత్రం వెళ్లిన రెండో వారానికే "అండీ" నేర్చుకున్నాడు.

బాపు కుర్చీలో ముందుకు వంగి విన్నాడు. "ఈ పోరి గెలుస్తది" అన్నాడు.

"గెలవది బాపూ."

"ఎందుకు?"

"ఇంట్ల అందరు మంచిగున్నరు గద."

బాపు నవ్వాడు. ఈమధ్య నవ్వితే దగ్గు వస్తోంది.

జూన్ 21

టీవీ వాళ్లు ప్రేమ్ రాజ్‌ను వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు. "ఇంటి కథ" తీయాలట. లీవు పెట్టి ఉన్నాను. నిజం చెప్పాలంటే ఉత్సాహంగానే ఉన్నాను. ఇన్నేళ్లుగా తెర మీద చూసింది మా ముందు గదిలోనే జరగబోతోంది.

మొదట ఫ్రిజ్‌ను వెనక గదిలోకి తోశారు. తర్వాత టీవీని. కొత్త కర్టెన్ తీసేశారు. ట్యూబ్‌లైట్ ఆపి కిటికీ ఒక్క రెక్క తెరిచారు. అరగంటలో మా ఇల్లు నాకే తెలియనంత పేదదైపోయింది. కోఆర్డినేటర్ అమ్మాయి బాపును చూసి, "అంకుల్, కాస్త పాత చొక్కా ఏదైనా ఉందా?" అంది.

"ఇది ఇస్త్రీ అంగీ బిడ్డా. ఎవరన్న ఇంటికొస్తె గిదే తొడుగుత."

"కెమెరాలో బాగా రాదండీ."

"రాకుంటె రాకపాయె."

ఆ తర్వాత మంచం మీద కూర్చోబెట్టి, "మీ జీవితంలో పెద్ద బాధ ఏమిటి?" అని అడిగింది. బాపు చాలాసేపు ఆలోచించి, "ఇప్పటి పోరగాండ్లకు తాళం నిలుస్తలేదు" అన్నాడు. కెమెరామన్ నవ్వాపుకోలేకపోయాడు. నేనూ.

పోయేముందు ఆ అమ్మాయి ప్రేమ్ రాజ్‌ను గేటు బయట వాళ్ల బండి దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు మాట్లాడింది. వాడు తల వంచుకుని వింటున్నాడు. ఏం మాట్లాడారో నేను అడగలేదు.

ఫ్రిజ్‌ను ముందుకు తోసింది మేమే. వాళ్లు ఉండలేదు.

జూలై 1, ఆదివారం

ప్రేమ్ రాజ్‌కు ఓట్లు తగ్గాయి. చివరి ముగ్గురిలో నిలబెట్టి, ఎర్ర లైటు వేసి, ప్రకటనలు అయ్యేదాకా అలాగే ఉంచారు. వాడు మిగిలాడు గాని ముఖం చూడలేకపోయాను. అమ్మ మోకాళ్ల మీదకు వచ్చేసింది ప్రార్థనకు. గల్లీ అంతా ఓట్ల మెసేజ్‌లు పంపుతోంది. మొగులయ్య పెదనాన్నకు ఫోన్‌లో అక్షరాలు కనపడవు, మనవరాలితో పంపిస్తున్నాడు.

వచ్చేది ఏడో వారం. అది కూడా నేనే రాశాను కదా.

జూలై 3, మంగళవారం

ఇవాళ రికార్డింగ్‌కు అమ్మను పిలిచారు. తిరిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లో నిలబడింది. నన్ను గోడ పక్కకు పిలిచి చెవిలో చెప్పింది.

"ప్రేమ్ చెప్పేసిండు."

"ఏం చెప్పిండు?"

"అంత. స్టేజి మీద. మా బాపు ఈ క్రిస్మస్ చూడడు అని చెప్పి ఏడ్సిండు. జడ్జిలు లేసి వచ్చి కావలిచ్చుకున్నరు. నన్ను చూపెట్టిన్రు. నేను గూడ ఏడ్సిన షెకీనా, ఏం జెయ్య, ఆపుకోలేకపోయిన."

ఆదివారం ఏడింటికి వేస్తారు. బాపు లోపల రేడియో వింటున్నాడు.

జూలై 4

ఫోన్‌లో తమ్ముడితో.

"ఎందుకు చెప్పినవ్ రా?"

"వాళ్లు అడిగిన్రు. అందరు ఏదో ఒకటి చెప్తున్నరు అక్కా. ఒకడు అన్న యాక్సిడెంట్ చెప్పిండు. ఒకామె ఇల్లు కూలిన సంగతి చెప్పింది. నా దగ్గర గదొక్కటే ఉండె."

"బాపు జూస్తడు రా ఆదివారం."

"ఎట్లనన్న ఆపుర్రి."

"నీకు సిగ్గనిపిస్తలేదా?"

"నువ్వే గద అన్నవ్, కథ లేకుంటె ఏడో వారం దాటరని" అన్నాడు.

నేను తిట్టాను, అది తప్పని చెప్పడానికి రాశాను రా, చెయ్యమని కాదు. అవును, తప్పని చెప్పడానికే రాశాను. ఎవరు చదివినా అర్థమవుతుంది. ఆ ఉత్తరం మళ్లీ తీసి చూశాను. అర్థమవుతుంది.

జూలై 5

కోఆర్డినేటర్ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆ ఒక్క ముక్క తీసేయమని బతిమాలాను. మా బాపుకు తెలియదని చెప్పాను. పాపం, నిజంగానే బాధపడింది. "అయ్యో, ఆయనకు తెలియదా అండీ?" అంది. ఎడిటింగ్ అయిపోయిందట. ప్రోమో కూడా రెడీ అట.

"నేను మీ ప్రోగ్రాం మొదటి నుంచి చూస్తున్నానండీ" అన్నాను. ఎందుకన్నానో!

"అయితే మీకు తెలుసు కదండీ" అంది.

జూలై 7

కేబుల్ పాండు ఒప్పుకున్నాడు. మా ఒక్క ఇంటి వైరు తీస్తే లాభం లేదు, బాపు పక్కింటికి పోయి చూస్తాడు. గల్లీ మొత్తం పోవాలి.

"గల్లీ మొత్తం మీ తమ్ముని కోసమే కూసుంటది అక్కా. నన్ను తంతరు."

సంగతి చెప్పాను. పాండు తల గోక్కుంటూ, "పెద్దాయన నాకు గూడ పాట నేర్పిండు చిన్నప్పుడు" అన్నాడు. "ఎనిమిదింటి దాక రాదు, పో."

రెండు రోజులుగా ప్రోమో వేస్తూనే ఉన్నారు. నేను డ్యూటీకి పోతే అమ్మ, అమ్మ బయటికి పోతే నేను, టీవీలో బాపుకు బైబిల్ ఛానెల్ చూపిస్తున్నాం. ఇంత భక్తి ఎప్పుడు పుట్టిందని ఆయనకు అనుమానం వచ్చినట్టే ఉంది.

జూలై 8, ఆదివారం

ఏడింటికి తెర నీలంగా అయిపోయింది. గల్లీలో అరుపులు. మొగులయ్య పెదనాన్న కర్ర పట్టుకుని పాండు ఇంటికి పోయాడు. బాపు ఆ నీలం తెర ముందే కూర్చుని, తమ్ముడు ఏం పాట పాడి ఉంటాడని అడిగాడు. తెలియదన్నాను. తనే ఏదో పల్లవి అందుకుని, రెండో ముక్కకు ఆయాసం వచ్చి ఆపేశాడు.

ఎనిమిదింటికి కేబుల్ వచ్చింది. అమ్మ నా చెయ్యి నొక్కింది. గండం గడిచింది.

జూలై 9

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు రిపీట్. నేను మర్చిపోయాను.

జూలై 11

నాలుగేళ్లుగా ఏ ప్రోగ్రాం ఎప్పుడు వస్తుందో, మళ్లీ ఎప్పుడు వేస్తారో నన్నే అడుగుతారు అందరూ.

సోమవారం కిచెన్‌లో చల్లగదిలో ట్రేలు చూస్తున్నాను. పక్కనున్న సునీత, "అక్కా, మీ బాపుకు గట్లుందని మాకు చెప్పనే లేదు. నిన్న సగమే చూసిన, ఇయ్యాల మల్ల ఏస్తరంట. మా అత్తను చూడమన్న" అంది. గడియారం చూశాను. సూపర్‌వైజర్‌కు ఏం చెప్పానో గుర్తు లేదు. తలకున్న నెట్టు టోపీ కూడా తీయకుండా ఆటో ఎక్కాను. అమ్మ ఫోన్ ఎత్తలేదు, ప్రార్థన కూటంలో ఉంది. ఎయిర్‌పోర్టు రోడ్డు ఎంత నున్నగా ఉంటుందో, ఊళ్లోకి తిరిగాక అంత గుంతలు. ఆటో అతను నా ముఖం చూసి ఏమీ అడగలేదు.

బాపు టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. సబ్బు ప్రకటన వస్తోంది. సప్పుడు తగ్గించి పెట్టుకున్నాడు.

"ఏందమ్మా, డ్యూటీ ఇడిసిపెట్టి వచ్చినవ్?"

"ఊకెనే."

"ప్రేమ్‌గాడు పాడిండు. మంచిగనే పాడిండు." తెర వైపే చూస్తున్నాడు. "పాట కంటె ముందుగాల ఒక మాట చెప్పిండు. అది నిజమేనా? లేకుంటె వాళ్లు చెప్పమంటె చెప్పిండా? ఆడ అన్ని పెంచి చెప్తరని నువ్వే రాస్తవ్ గద."

పెంచి చెప్పాడు అంటే చాలు. బాపు నమ్మేవాడు. నాలుగేళ్లుగా నేను రాసిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క అబద్ధానికి పనికొచ్చేవి. మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. ఆయన ముఖం తిప్పి నా వైపు చూశాడు.

"పెంచలె బాపూ."

"ఊఁ."

తల మీది నెట్టు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాను.

"మీ అమ్మకు ఎరుకేనా?"

"ఎరుకే."

"అందరికెరుకేనన్నట్టు." చేతిలో రిమోట్‌ను అటూ ఇటూ తిప్పాడు. "పుండు ఇంత నొయ్యదని నాక్కూడ అనుమానమే ఉండె. ఛాయ్ పెట్టు. చక్కెర సరింగ ఎయ్యి. ఇగ ఏం పథ్యం?"

ఛాయ్ పెట్టాను. ఇద్దరం తాగాం. టీవీ ఎవరు ఆపారో గుర్తు లేదు.

జూలై 15, ఆదివారం

ఈ వారం అందరికంటే ఎక్కువ ఓట్లు ప్రేమ్ రాజ్‌కే. మొగులయ్య పెదనాన్న వచ్చి చెప్పాడు. మేం టీవీ పెట్టలేదు.

జూలై 17

బాపును స్టూడియోకు తీసుకురమ్మని ఫోన్. కారు పంపిస్తారట. కావాలంటే నర్సును కూడా పెడతారట.

అమ్మ ఒప్పుకోలేదు. "మనిషిని సంతల పశువును చూపెట్టినట్టు చూపెడ్తరు" అంది. నేనూ అదే అన్నాను. అక్కడ ఏం జరుగుతుందో పూసగుచ్చినట్టు చెప్పాను. ఎక్కడ పొగ వదులుతారో, ఎక్కడ వాయిద్యాలు ఆపుతారో, ఎప్పుడు ఏమి అడుగుతారో.

బాపు అంతా విని, "పోత" అన్నాడు.

"ఎందుకు బాపూ?"

"నా కొడుకు గంత పెద్ద స్టేజి మీద పాడంగ ఎదురుంగ కూసోని ఇన్నదెన్నడు? టీవీల సగం పాటనే ఇడుస్తరు. నాకు మొత్తం ఇనాలె."

"ప్రేమ్ మీద కోపం లేదా?"

"ఉంది" అన్నాడు. "అది వేరే."

జూలై 24, మంగళవారం

ఒళ్లంతా నొప్పులు. అయినా ఇవాళే రాయాలి.

స్టూడియో తెర మీద కనిపించేదాంట్లో సగం కూడా లేదు. వెనకంతా అట్టలు, మేకులు. పాటలు మొదలవకముందే చప్పట్లు కెమెరాలో తీసుకున్నారు. ఒకతను ముందు నిలబడి చెయ్యి ఊపితే కొట్టాలి. తర్వాత ఆశ్చర్యం, తర్వాత బాధ. పక్కనున్న ఆవిడ బాధ చాలా బాగా చేసింది, ఆమెను రెండుసార్లు తీశారు. నాలుగేళ్లుగా నేను ఎవరి కన్నీళ్ల మీద ఉత్తరాలు రాశానో ఆవిడే కావచ్చు. అడిగితే, పొద్దున్నుంచి ఏమీ తినలేదంది.

ప్రేమ్ రాజ్ వెనక వైపు నుంచి వచ్చాడు. ముఖానికి రంగు. బాపు ముందు నిలబడ్డాడు.

"బక్కగైనవ్ రా" అన్నాడు బాపు. "తింటున్నవా?"

వాడు తల ఊపి వెళ్లిపోయాడు.

తారాబాయి ముందు పాడింది. నేను ఎన్నో వారాలుగా టీవీలో వింటున్నది ఈ గొంతు కాదు. టీవీ దాన్ని పలుచన చేస్తుంది. బాపు కళ్లు మూసుకున్నాడు, వేళ్లు మాత్రం మోకాలి మీద కదులుతున్నాయి. పాట అయ్యాక చెయ్యి ఊపే అతను ఊపకముందే బాపు చప్పట్లు కొట్టాడు. ఆ పెద్ద హాల్లో ఒక్కడే.

ప్రేమ్ రాజ్ తండ్రి మీద పాట పాడాడు. వాళ్లే ఎంచి ఇచ్చారట. పొగ వదిలారు. వాడు బాగా పాడాడు. నిజంగా బాగా పాడాడు. కానీ మధ్యలో గొంతు వణికించాడు. ఆ వణుకు నేర్పిన వణుకు. నాకు తెలిసింది. బాపుకు తెలియకుండా ఉంటుందా?

యాంకర్ వచ్చి బాపును చెయ్యి పట్టుకుని స్టేజి మీదకు తీసుకెళ్లింది. ఇస్త్రీ అంగీ వేసుకున్నాడు. "జ్ఞానదాసుగారూ, మీ అబ్బాయి పాట విన్నారు. ఏమనిపించింది?"

"మంచిగ పాడిండు. కని ఇందాక ఆ కాటేదాన్ పిల్ల పాడింది సూడు, ఆమె ఇంకా మంచిగ పాడింది."

హాల్లో ఎవరో నవ్వి ఆపేశారు. యాంకర్, "ఎంత పెద్ద మనసండీ!" అంది. "ప్రేక్షకులకు మీరు ఏం చెప్తారు? మీ అబ్బాయికి ఓటు వేయమని..."

"ఎవలు మంచిగ పాడితె ఆళ్లకెయ్యుర్రి. ఇయ్యాలయితె ఆ పిల్లకెయ్యుర్రి."

ప్రేమ్ రాజ్ ముఖం మాడిపోయింది. తారాబాయి పక్కన నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చీకట్లోంచి ఎవరో ఏదో అన్నారు, యాంకర్ చెవిలోని యంత్రాన్ని నొక్కుకుని విని, గొంతు మెత్తగా చేసింది. "చివరగా... మీ మనసులో ఏదైనా కోరిక ఉందా అండీ?"

బాపు ఆమె వైపు జాలిగా చూశాడు. "ఇగ నన్ను కూసోనియ్యి బిడ్డా. కాళ్లు గుంజుతున్నయ్."

"కట్" అన్నారు. కుర్చీ తెచ్చారు. మాట్లాడకుండా కొడుకు తల మీద చెయ్యి పెట్టమన్నారు. పెట్టాడు. పొగ మళ్లీ వదిలారు. వంగి వాడి చెవిలో ఏదో అన్నాడు. అప్పుడు వాడు ఏడ్చిన ఏడుపు మాత్రం ఎవరూ నేర్పింది కాదు.

తిరిగొస్తుంటే కారులో అడిగాను, ఏమన్నావని.

"గొంతు గట్ల వణికియ్యకు, ఖరాబైతదన్న" అన్నాడు బాపు. ఆరాంఘర్ చౌరస్తా దాటకముందే నిద్రపోయాడు.

జూలై 29, ఆదివారం

బాపే పెట్టమన్నాడు. చూశాం.

ఆయన మాటలు ఒక్కటీ లేవు. నడిచి రావడం ఉంది. కుర్చీ ఉంది. తల మీద చెయ్యి ఉంది. పొగకు కళ్లు మండి తుడుచుకున్నది మెల్లగా, మళ్లీ మళ్లీ, వయొలిన్‌తో. తారాబాయి పాటకు కొట్టిన చప్పట్లను తీసుకొచ్చి ప్రేమ్ రాజ్ పాటకు అతికించారు.

"నేను గంతసేపు మాట్లాడిన గద, ఏది?"

"తీసేసిన్రు బాపూ."

"మరి ఏడుస్తున్నదెవరు?"

"నువ్వే."

"పొగకు గద బిడ్డా!" అని నవ్వడం మొదలుపెట్టాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. నొప్పి వచ్చేదాకా. అమ్మ మాత్ర తెచ్చింది.

తారాబాయి వెళ్లిపోయింది. ప్రేమ్ రాజ్ మిగిలాడు.

ఆగస్టు 3, శుక్రవారం

జరిగింది జరిగినట్టు ఉత్తరం రాసి పంపాను. ఇవాళ పత్రిక నుంచి ఎడిటర్‌గారు ఫోన్ చేశారు. ఆయన గొంతు వినడం ఇదే మొదటిసారి. "అద్భుతంగా ఉందమ్మా. కానీ లోపల ఏం జరిగిందో మీకెలా తెలుసని అడుగుతారు కదా. మీరు ఆయన కూతురేనని పేరుతో సహా రాద్దాం. నాన్నగారి ఫోటో ఒకటి ఇవ్వండి. మంచం మీద ఉన్నదైతే మంచిది. ముఖచిత్ర కథ చేద్దాం."

"ఫోటో లేకుండా వెయ్యరా?"

"వేస్తే టీవీ పేజీలో ఒక మూలకు వస్తుందమ్మా. ఎవరు చదువుతారు?"

వద్దన్నాను. ఆయనకు అర్థం కాలేదు. "మీరు నిజం చెప్పాలనుకోవడం లేదా?" అన్నారు. డ్యూటీకి టైమైందన్నాను. ఇవాళ నాకు వీక్లీ ఆఫ్.

ఇక రాయనేమో. అలసటగా ఉంది. నాలుగేళ్లు వాళ్లను తిట్టుకుంటూ ఒక్క ఆదివారం కూడా వదలకుండా చూశాను. వాళ్లకు అంతకంటే ఏం కావాలి?

ఆగస్టు 12, ఆదివారం

యాంకర్ అడిగింది. "ప్రేమ్, నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉంది?" గొంతు మెత్తగా. అంతా సిద్ధంగా ఉంది.

ప్రేమ్ రాజ్ మైకు పైకెత్తాడు. "మంచిగున్నడు" అన్నాడు.

"అంటే... డాక్టర్లు ఏమంటున్నారు?"

"మంచిగున్నడు మేడమ్. పాట పాడుత."

పాడాడు. వణికించలేదు. బాపు ఏమీ అనలేదు.

ఆగస్టు 19

వాడికి ఓట్లు రాలేదు. సోమవారం ఇంటికొస్తాడు.

ఆగస్టు 24

ప్రేమ్ రాజ్ వచ్చి బాపు మంచం పక్కనే పడుకుంటున్నాడు. ఇద్దరూ ఆ సంగతి మాట్లాడుకోలేదు. ఇవాళ పొద్దున వాడు బాపుకు గడ్డం గీశాడు. బాపు అద్దంలో చూసుకుని, "ఒక దిక్కు ఇడిసిపెట్టినవ్" అన్నాడు. వాడు మళ్లీ నురగ పూశాడు.

వాడి మీద నా కోపం పోలేదు. వాడికి నా మీద కూడా. మంచినీళ్లు ఇచ్చుకుంటున్నాం, పళ్లెం కడుగుతున్నాం, అంతవరకే.

ఆగస్టు 26, ఆదివారం

ఇవాళ ఫైనల్. సాయంత్రం తారాబాయి, వాళ్ల అమ్మ వచ్చారు. కాటేదాన్ నుంచి బస్సులో, ఒక డజను అరటిపళ్లు పట్టుకుని. ఆ రోజు స్టేజి మీద బాపుతో మాట్లాడనివ్వలేదట, అందుకని వచ్చారట.

"తాతా, నన్ను గుర్తువట్టినవా?" అని మంచం పక్కన కింద కూర్చుంది. టీవీలో కంటే చిన్నపిల్ల. వాళ్ల అమ్మ వాకిట్లోనే ఉండిపోతే మా అమ్మ లోపలికి లాక్కొచ్చింది.

"పాడు" అన్నాడు బాపు. అంతే. కుశలాలేవీ లేవు.

ప్రేమ్ రాజ్ హార్మోనియం తీశాడు. అది వాడంతట వాడే చేశాడు. నేను పొయ్యి దగ్గర నిలబడి చూస్తున్నాను. వాడు శ్రుతి ఇస్తూ ఒక్క క్షణం నా వైపు చూశాడు. నేను ఛాయ్ గిన్నె పక్కన పెట్టి వచ్చి వాడి పక్కన కూర్చున్నాను. హార్మోనియానికి గాలి కొట్టే చెక్క బిగుసుకుపోయింది, వాడికి ఒక చెయ్యి చాలడం లేదు. నేను గాలి కొట్టాను, వాడు వాయించాడు.

గల్లీలో అన్ని ఇళ్లల్లోనూ ఫైనల్ మోగుతోంది. ఎవరో గెలుస్తున్నారు. ఆ పిల్ల దానికంటే చిన్నగా, మా గదికి సరిపోయేంతే పాడింది. మొదటి చరణం అయ్యేసరికి బాపు తల పక్కకు వాలింది, కళ్లు మూతలు పడ్డాయి. తారాబాయి నా వైపు చూసింది. పడుకున్నాడేమో, లేపొద్దని సైగ చేశాను. పాట ఆపింది. తమ్ముడు చెయ్యి తీశాడు.

కళ్లు తెరవకుండానే అన్నాడు బాపు.

"ఎందుకు ఆపిన్రు? నేను ఈడనే ఉన్న."